ఓరుగల్లు చెరువుల నుంచి ఢిల్లీ హౌజ్ వరకు: ఖాన్-ఎ-జహాన్ మక్బూల్ జీవితం

దక్షిణ ఢిల్లీలోని సాకేత్ పేరు వినగానే నేటి తరానికి పెద్ద పెద్ద మాల్‌లు, న్యాయస్థానాల సముదాయం, ఆసుపత్రులు గుర్తుకు వస్తాయి. ఆ మాల్‌లకు ఎదురుగా, ప్రెస్ ఎన్‌క్లేవ్ రోడ్డుకు అవతల, ఖిడ్కీ అనే పాత గ్రామం ఉంది. ఇరుకు సందుల నడుమ, నల్లబడిన గోడలతో చిన్న కోటను తలపించే మసీదు ఒకటి అక్కడ నిలిచి ఉంది. గోడలకు అమర్చిన రాతి జాలీ కిటికీల వల్లనే మసీదుకూ, ఊరికీ ఆ పేరు స్థిరపడింది. దానిని కట్టించినవాడు పద్నాలుగో శతాబ్దపు ఢిల్లీ వజీరు జునాన్ షా అని చరిత్రకారులు చెబుతారు. ఆ జునాన్ షా తండ్రి తెలుగువాడు. ఓరుగల్లు కోట కూలిన తరువాత ఢిల్లీ చేరి, ఢిల్లీ సల్తనత్‌కే ప్రధానమంత్రి అయిన వ్యక్తి. సమకాలీన చరిత్రలు ఆయనను ఖాన్-ఎ-జహాన్ మక్బూల్ తిలంగానీ అని పేర్కొన్నాయి. తిలంగానీ అంటే తెలంగాణ దేశస్థుడు.

ఖిడ్కీ మసీదుకు నడిచి వెళ్లగలిగే దూరంలోనే సత్‌పులా అనే పురాతన ఆనకట్ట ఉంది. అక్కడి నుంచి వాయవ్యంగా నాలుగైదు కిలోమీటర్లు వెళితే హౌజ్ ఖాస్ చెరువు వస్తుంది. మక్బూల్ వజీరుగా ఉన్న కాలంలో పూడిక తీయించుకుని తిరిగి నిండిన చెరువు అది. నేడు ఎండలు ముదిరే వేళ ఆ నీరు చిక్కని ఆకుపచ్చ రంగుకు మారి, ఒడ్డున నాచు తెట్టుగా పేరుకుంటుంది. చెరువుల దేశంలో పుట్టిన ఒక మనిషి జీవితాన్నీ, ఆయన కాలంలో బతికి బట్టకట్టిన ఒక చెరువు కథనూ కలిపి చెప్పుకుంటే ఈ నాచు సంగతి కొంత సులువుగా అర్థమవుతుంది.

మక్బూల్ తొలి పేరును పారశీక చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ కన్నూ అన్న ధ్వనికి దగ్గరగా నమోదు చేశాడు. తెలుగు సాహిత్యం చదివినవారికి ఈ పేరు మరో రూపంలో పరిచితమే. తిక్కన శిష్యుడు మారన తన మార్కండేయ పురాణాన్ని కాకతీయ ప్రతాపరుద్రుని సేనాని నాగయ గన్నకు అంకితమిచ్చాడు. ఓరుగల్లు కోట రక్షణ భారం వహించిన ఆ గన్న సేనానియే తరువాత మక్బూల్ అయ్యాడని నేలటూరి వెంకటరమణయ్య వంటి చరిత్రకారులు నిర్ణయించారు. తెలుగు పురాణానికి కృతిభర్త, ఢిల్లీ సుల్తానుకు వజీరు ఒకే మనిషి కావడం మన చరిత్రలోని వింతల్లో ఒకటి.

గన్నయ ఎదిగిన నేల చెరువుల నేల. గణపతిదేవుని కాలంలో పాకాల చెరువు వెలిసింది. రేచర్ల రుద్రుడు రామప్ప గుడితో పాటు చెరువునూ కట్టించాడు. లక్నవరం, ఘనపురం చెరువులూ ఆ యుగానివే. చెరువు తవ్వించడాన్ని సప్త సంతానాలలో ఒకటిగా, అంటే కొడుకును కన్నంత పుణ్యంగా, ఆనాటి సమాజం భావించింది. కట్ట కట్టించినవారికి, దానిని మరమ్మతు చేసేవారికి ఆయకట్టులో దశబంధ మాన్యాలు దక్కేవి. ఒక చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువుకు చేరేలా, ఆ చెరువు నీరు ఇంకా దిగువకు పోయేలా గొలుసుకట్టుగా నిర్మించడం ఆ కాలపు నేర్పు.

ఆ చెరువులలోనూ నాచు ఉండేది. నాచు లేని చెరువు ఉండదు. ఉంటే అది జీవం లేని నీటి గుంట. తొలకరి వానకు పొలాల మట్టి, అడవి ఆకు, పశువుల పేడ వాగు వెంట కొట్టుకువచ్చి చెరువులో చేరతాయి. వాటిలోని నత్రజని, భాస్వరం నీటిలో కరుగుతాయి. కంటికి కనిపించని నాచు కణాలు వాటిని పీల్చుకుని, సూర్యకాంతితో ఆహారం తయారు చేసుకుని పెరుగుతాయి. నీటి ప్రాణులన్నిటి ఆహారానికి మొదలు ఇదే. ఒక చెరువు నిర్ణీత కాలంలో ఈ విధంగా ఎంత సేంద్రియ పదార్థాన్ని తయారు చేస్తుందో దానినే శాస్త్రజ్ఞులు ప్రాథమిక ఉత్పాదకత అంటారు. నాచును సూక్ష్మ జంతువులు, వాటిని చిరు చేపలు, వాటిని పెద్ద చేపలు తింటాయి. చేపలను జాలరి పట్టుకుపోతాడు. తూము నీరు పొలానికి పోతుంది. వేసవిలో చెరువు ఎండితే శిఖంలో పేరుకున్న ఒండ్రును రైతులు బండ్ల మీద పొలాలకు తోలుకుంటారు. వానతో వచ్చిన సారం ఈ మూడు దారుల్లో ఏటా చెరువు దాటి పోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ముందు దీనితో పని పడుతుంది.

1323లో ఉలుగ్ ఖాన్ సేనల ముట్టడికి ఓరుగల్లు లొంగిపోయింది. ఈ ఉలుగ్ ఖానే తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సింహాసనం ఎక్కాడు. బందీగా ఢిల్లీకి తరలిస్తుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరాన మరణించాడని ప్రోలయ నాయకుని విలస శాసనం వల్ల తెలుస్తున్నది. ప్రభువు పోయాక గన్నయ ఇస్లాం స్వీకరించి ముహమ్మద్ కొలువులో చేరాడు. అప్పుడు పెట్టిన పేరే మక్బూల్. ఆ మాటకు అంగీకృతుడు అని అర్థం.

ఆయనకు చదవడం, రాయడం రాదని అఫీఫ్ స్పష్టంగా నమోదు చేశాడు. పారశీక లిపి గురించే ఆ మాట అన్నాడని అనుకోవచ్చు. ఒక పురాణాన్ని అంకితం పొందిన సేనానికి తెలుగు కూడా రాదని నమ్మడం ఈ రచయితకు కష్టంగానే ఉంది. ఏమైనా, పరభాషలో, పరాయి దర్బారులో, కాగితం మీద ఆధారపడకుండా మనుషులనూ లెక్కలనూ జ్ఞాపకంలో నిలుపుకుని ఎదిగినవాడు మక్బూల్. సుల్తాన్ ఆయనకు ఖివాముల్ ముల్క్ అనే బిరుదునిచ్చి ముల్తాన్ అధికారాన్ని అప్పగించాడు. జునాన్ షా పుట్టింది ముల్తాన్‌లోనే.

మక్బూల్ మరోసారి ఓరుగల్లు వచ్చాడు, ఈసారి సుల్తాన్ ప్రతినిధిగా. ఆ పాలన నిలవలేదు. తీరాంధ్రలో ముసునూరి నాయకులు తలెత్తారు. 1330వ దశకం మధ్యలో కాపయ నాయకుడు ఓరుగల్లును వశం చేసుకోగా మక్బూల్ ఢిల్లీకి పారిపోవలసి వచ్చింది. తాను కాపలా కాసిన కోటను ఒకసారి శత్రువుకు, మరోసారి తనవారికే కోల్పోయిన మనిషి ఆయన. ఆ తరువాత ఆయన ఢిల్లీవాడయ్యాడు.

ముహమ్మద్ బిన్ తుగ్లక్ జహాన్‌పనా నగరం చుట్టూ గోడ కట్టించాడు. ఆ గోడలో భాగంగా, నేటి సాకేత్ పక్కన, వాగుకు అడ్డంగా ఏడు ప్రధాన కమానులతో సత్‌పులా నిర్మించారు. కమానులలో తలుపులు పైకి కిందికి జరిపే గాడులు నేటికీ కనిపిస్తాయి. తెలుగు రైతు చూస్తే వెంటనే పోల్చుకుంటాడు: ఇది తూములున్న కట్ట. వాన నీటిని నిలిపి, అవసరాన్ని బట్టి దిగువ పొలాలకు వదిలేవారు. సూఫీ గురువు నసీరుద్దీన్ చిరాగ్-ఎ-ఢిల్లీ అక్కడి నీటితో వజూ చేసుకున్నారని, అందువల్ల ఆ నీటికి రోగాలను మాన్పే గుణం వచ్చిందని జనం నమ్మేవారు. దీపావళి రోజుల్లో స్నానాల కోసం అక్కడ జాతర సాగేది. పక్కనే ఉన్న హౌజ్ రానీ అనే ఊరి పేరు మరో జలాశయాన్ని గుర్తు చేస్తుంది.

1351 మార్చిలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ సింధు తీరాన, థట్టా సమీపంలో మరణించాడు. దండులో ఉన్న ప్రముఖులు ఆయన దాయాది ఫిరోజ్‌ను సుల్తానుగా ప్రకటించారు. ఢిల్లీలో ఉన్న వృద్ధ వజీరు అహ్మద్ అయాజ్ మరో దారి పట్టి, ఒక బాలుణ్ని గద్దెనెక్కించాడు. అప్పటికి మక్బూల్ ఆ వజీరుకు సహాయకుడు. ఏ పక్షం వహించాలో తేల్చుకోవడానికి ఆయన ఎక్కువ కాలం తీసుకోలేదు. నగరం విడిచి ఫిరోజ్‌ను కలుసుకున్నాడు. ఇది దూరదృష్టా, అవకాశవాదమా అన్న ప్రశ్న వేయవచ్చు. అయితే ఆ తరువాత చనిపోయేదాకా ఆయన పక్షం మార్చలేదు. ఫిరోజ్ ఆయనను వజీరును చేసి, ఖాన్-ఎ-జహాన్ అనే బిరుదునిచ్చాడు.

ఫిరోజ్ కొత్తగా కట్టించడం కంటే పాతవాటిని బాగు చేయించడంలో ఎక్కువ ఆనందించిన పాలకుడేమో అనిపిస్తుంది. అలావుద్దీన్ ఖిల్జీ సిరీ నగర అవసరాల కోసం తవ్వించిన హౌజ్-ఎ-అలాయీ అప్పటికి పూడిపోయి ఉంది. ఫిరోజ్ తన కార్యాల పట్టికగా రాయించిన ఫుతూహాత్-ఎ-ఫిరోజ్‌షాహీలో ఆ చెరువు స్థితి నమోదైంది. నీరు లేదు. జనం చెరువు గర్భంలోనే సేద్యం చేస్తున్నారు. బావులు తవ్వి ఆ నీళ్లు అమ్ముకుంటున్నారు. సుల్తాన్ పూడిక తీయించాడు. చెరువు మళ్లీ నిండింది. మెహ్రౌలీలోని హౌజ్-ఎ-షమ్సీకి నీరు తెచ్చే కాలువలను కొందరు అడ్డగించగా వాటినీ తెరిపించాడు. హౌజ్-ఎ-అలాయీ ఒడ్డున 1352 ప్రాంతంలో మదరసా వెలిసింది. ఆ చెరువే నేటి హౌజ్ ఖాస్.

చెరువు గర్భంలో సేద్యం అన్నమాట దగ్గర కాస్త ఆగాలి. రాళ్లు తేలిన దక్షిణ ఢిల్లీ నేలలో జనం ఎండిన హౌజ్‌నే ఎందుకు దున్నారు? తేమ ఒక కారణం. అడుగున పేరుకున్న ఒండ్రు మరో కారణం. ఏళ్ల తరబడి వాన నీటితో వచ్చిన సారం, నీటిలో పుట్టి చచ్చి అడుగుకు చేరిన నాచు, చేపల ఎముకలు, అన్నీ ఆ మట్టిలో ఉన్నాయి. పూడిక తీయడం అంటే నీటికి చోటు చేయడం మాత్రమే కాదు. అడుగున దాగిన భాస్వరాన్ని చెరువు దాటించడం కూడా. ఆ రసాయనం పేరు ఆనాడు ఎవరికీ తెలియదు. పని మాత్రం జరిగింది. పూడికతీత ఘనత సుల్తాన్ తన పేరనే రాయించుకున్నాడు. రాజ్యపు ఆదాయ వ్యయాలు చూసిన దీవాన్-ఎ-విజారత్‌కు అధిపతి మాత్రం ఓరుగల్లు నుంచి వచ్చిన వజీరు.

ఆ పద్దులు చిన్నవి కావు. ఖ్వాజా హిసాముద్దీన్ జునైద్ అనే అధికారి 6 సంవత్సరాలు రాజ్యమంతా తిరిగి వార్షికాదాయాన్ని 6 కోట్ల 75 లక్షల టంకాలుగా నిర్ధారించాడు. 1355 నుంచి యమున, సట్లెజ్ నదుల నీటిని హిస్సార్ వైపు మళ్లించే కాలువలు వచ్చాయి. కాలువ నీరు వాడుకున్నవారి నుంచి పదో వంతు నీటి పన్ను వసూలైంది.

లెక్కల విషయంలోనే మక్బూల్ జీవితంలో పెద్ద కలహం రేగింది. రాబడి పద్దులు చూసే ముష్రిఫ్‌గా ఐనుల్ ముల్క్ మాహ్రూ అనే విద్వాంసుడు నియమితుడయ్యాడు. ఎవరి అధికారం ఎక్కడిదాకా అన్న విషయమై ఇద్దరికీ పొసగలేదు. తగవు సుల్తాన్ దాకా వెళ్లింది. చివరకు వజీరు మాటే నెగ్గి ఐనుల్ ముల్క్ పదవి పోయింది. సుల్తాన్ ఆయనకు ముల్తాన్ ఇవ్వబోగా, తన లెక్కలను వజీరు కచేరీకి చూపనని షరతు పెట్టి మరీ ఆయన స్వీకరించాడు. ఆ తరువాత కొందరు ప్రముఖులు మక్బూల్‌ను తొలగించాలని సుల్తాన్‌పై ఒత్తిడి తెచ్చారు. సలహా కోసం సుల్తాన్ ఐనుల్ ముల్క్‌నే పిలిపించాడు. పగ తీర్చుకునే అవకాశం చేతికి వచ్చిన ఆ మనిషి, అటువంటి వజీరును తొలగిస్తే రాజ్యానికి హాని అని తేల్చి చెప్పాడు. సంగతి తెలుసుకున్న మక్బూల్ ఆయనను ఆలింగనం చేసుకున్నాడని అఫీఫ్ వర్ణించాడు. మధ్యయుగపు దర్బారు కథల్లో ఇంతటి పెద్దమనసు అరుదుగా కనిపిస్తుంది.

సుల్తాన్ బెంగాల్, జాజ్‌నగర్, నగర్‌కోట్ దండయాత్రలకు వెళ్లినప్పుడల్లా ఢిల్లీ భారం మక్బూల్ మీదే పడేది. అసలు పరీక్ష 1360వ దశకంలో, థట్టా దండయాత్ర వేళ ఎదురైంది. గుజరాత్ వైపు మరలిన సైన్యం కచ్ రణ్‌లో దారి తప్పింది. తాగునీరు లేక మనుషులు, గుర్రాలు కూలిపోయారు. 6 నెలల పాటు ఢిల్లీకి ఏ వార్తా చేరలేదు. ఇంటింటా దుఃఖం, వీధివీధినా వదంతులు. అంతకంటే స్వల్ప కారణాలకే సింహాసనాలు తారుమారైన కాలం అది. మక్బూల్ రోజూ నగరంలో తిరిగి బలగాన్ని ప్రదర్శించాడు. చివరకు సుల్తాన్ క్షేమంగా ఉన్నట్టు ఒక జాబు తానే పుట్టించి, దానిని బహిరంగంగా చదివించి, సంబరాలు జరిపించాడు. చదవడం రాని మనిషి సృష్టించిన ఆ ఉత్తరంతో నగరం కుదుటపడింది. సుల్తాన్ తిరిగి వచ్చేసరికి గద్దె, ఖజానా రెండూ పదిలంగా ఉన్నాయి. ఢిల్లీకి అసలైన రాజు ఖాన్-ఎ-జహానే అని ఫిరోజ్ చెబుతుండేవాడని అఫీఫ్ రాతల వల్ల తెలుస్తున్నది.

ఆయన అంతఃపురం విలాసం గురించీ అఫీఫ్ దాచలేదు. పుట్టిన ప్రతి బిడ్డకూ ఖజానా నుంచి భృతి ముట్టేది.

హిజ్రీ 770లో, అంటే 1368–69లో, మక్బూల్ కన్నుమూశాడు. నిజాముద్దీన్ ప్రాంతంలో జునాన్ షా తండ్రికి సమాధి కట్టించాడు. ఎనిమిది పలకల గది, చుట్టూ వరండా, పైన గుమ్మటం. ఢిల్లీలో ఆ తీరు సమాధి అదే మొదటిదని నిర్మాణ చరిత్రకారులు చెబుతారు. తరువాత సయ్యద్, లోదీ సుల్తానులు తమ సమాధులకు ఆ నమూనానే అనుసరించారు. నేడు అది బస్తీ ఇళ్ల మధ్య ఇరుక్కుని ఉంది. తండ్రి బిరుదునూ పదవినీ పొందిన జునాన్ షా ఢిల్లీలో అనేక మసీదులు కట్టించి, 1387లో అధికార పోరులో ప్రాణాలు కోల్పోయాడు. మరుసటి ఏడాది ఫిరోజ్ చనిపోగా హౌజ్ ఒడ్డునే సమాధి చేశారు.

మక్బూల్ మరణించిన రోజుల్లోనే, 1369లో, నేటి కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల వద్ద విజయనగర రాకుమారుడు భాస్కరుడు ఒక పెద్ద చెరువుకు శాసనం వేయించాడు. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెక్కించాడు. కట్ట కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, నడుమ మెరక, కొద్ది నీటికి ఎక్కువ పొలం, కొద్ది చోటుకు ఎక్కువ నీరు. ఇవీ ఆ దోషాలు. నీటిలో సారం మితిమీరడం అన్న దోషం ఆ జాబితాలో లేదు. వాన నీటితో నిండి, పొలాలకు పారి, ఏటా పూడిక తీసే చెరువుకు అటువంటి ప్రమాదం ఊహకు అందేది కాదు.

1398లో తైమూర్ హౌజ్ ఖాస్ సమీపంలో విడిది చేసినప్పుడు అది ఇంకా పెద్ద జలాశయమే. తరువాతి శతాబ్దాల్లో దాని వైశాల్యం తగ్గుతూ వచ్చింది. దాదాపు 50 హెక్టార్లుగా చెప్పే పాత చెరువులో నేడు నీరు నిలిచేది సుమారు 6 హెక్టార్లలో. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో చుట్టుపక్కల కాలనీలు, రోడ్లు వెలిశాయి. వాన నీటి దారులు మూసుకుపోయి చెరువు పూర్తిగా ఎండింది. ఫిరోజ్ కాలంలో హౌజ్-ఎ-షమ్సీకి పట్టిన గతే ఇది. ఈసారి కాలువలకు అడ్డుపడింది నగరం.

2003–04లో వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్, ఢిల్లీ అభివృద్ధి సంస్థ కలిసి చెరువుకు మళ్లీ నీరు తెచ్చాయి. వాన నీరు చాలదు కనుక వసంత్ కుంజ్ మురుగు శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని సంజయ్ వన్ మీదుగా, చిన్న చెక్ డ్యాముల గుండా, నీటి మొక్కల నడుమ పారించి హౌజ్‌లోకి చేర్చారు. దశాబ్దాల తరువాత చెరువులో అలలు, పక్షులు కనిపించాయి. పెద్ద విజయమే. కానీ నీటితో పాటు మరొకటి కూడా వచ్చి చేరింది.

సాధారణ శుద్ధి కేంద్రాలు మురుగులోని మలిన పదార్థాన్ని, మడ్డిని తొలగించడానికి రూపొందినవి. ప్రత్యేక ఏర్పాట్లు లేకపోతే కరిగి ఉన్న నత్రజని, భాస్వరాలలో చాలా భాగం అలాగే బయటికి వస్తుంది. చూడటానికి తేటగా ఉండే ఆ నీరు నాచుకు మాత్రం ఎరువు కలిపిన నీరే.

ఎంత ఎరువు అన్నది లెక్క కట్టవచ్చు. నాచు సగటు కూర్పులో ఒక భాస్వరం పరమాణువుకు 16 నత్రజని, 106 కార్బన్ పరమాణువులు ఉంటాయి. సముద్ర శాస్త్రజ్ఞుడు రెడ్‌ఫీల్డ్ పేరుతో ప్రసిద్ధమైన నిష్పత్తి ఇది. లీటరు నీటిలో కేవలం 1 మిల్లీగ్రాము భాస్వరం ఉందనుకుందాం. 10 లక్షల లీటర్లు చేరితే 1 కిలో భాస్వరం చెరువులోకి వచ్చినట్టు. అది సుమారు 41 కిలోల కార్బన్‌ను నాచుగా మార్చగలదు. ఎండబెట్టి తూచితే వంద కిలోలకు మించిన నాచు. కార్బన్ గాలి నుంచి దొరుకుతుంది. నత్రజని తగ్గితే, గాలిలోని నత్రజనిని స్థిరీకరించుకోగల కొన్ని నీలి ఆకుపచ్చ నాచు జాతులు ఆ లోటు పూడ్చుకుంటాయి. భాస్వరానికి అటువంటి పక్కదారి లేదు.

కెనడా శాస్త్రజ్ఞుడు డేవిడ్ షిండ్లర్ బృందం 1973లో ఈ విషయాన్ని కళ్లకు కట్టింది. ఒంటారియో అడవుల్లోని 226వ నంబరు సరస్సును తెర కట్టి రెండుగా విడదీశారు. ఒక సగంలో కార్బన్, నత్రజని కలిపారు. రెండో సగంలో వాటితో పాటు భాస్వరం కలిపారు. భాస్వరం పడిన సగం ఆకుపచ్చగా మారింది. మిగిలిన సగం తేటగానే ఉండిపోయింది. పైనుంచి తీసిన ఆ ఛాయాచిత్రం అనేక దేశాల్లో డిటర్జెంట్లలో భాస్వరం వాడకంపై నియంత్రణకు బలం చేకూర్చింది.

నాచు పెరిగితే నష్టమేమిటని శ్రోతలకు సందేహం కలగవచ్చు. పగలు అది ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది కదా. నిజమే. ఉత్పాదకతను కొలిచే పాత పద్ధతి కూడా దాని మీదే ఆధారపడింది. చెరువు నీటిని ఒక తెల్ల సీసాలో, ఒక నల్ల సీసాలో నింపి కొన్ని గంటలు నీటిలోనే వేలాడదీస్తారు. తెల్ల సీసాలో కాంతి పడి ఆక్సిజన్ పుడుతుంది. నల్ల సీసాలో శ్వాసక్రియ మాత్రమే సాగి ఆక్సిజన్ తగ్గుతుంది. ఆ రెంటి తేడాయే మొత్తం ఉత్పాదకత. చిక్కు ఏమిటంటే, సూర్యుడు అస్తమించగానే చెరువు మొత్తం నల్ల సీసా అవుతుంది. పగలు పోగుపడిన నాచు అంతా రాత్రి ఆక్సిజన్‌ను తాగుతుంది. పైపొర చచ్చి అడుగుకు జారితే దానిని కుళ్లబెట్టే బాక్టీరియా మరింత వాడుకుంటుంది. తెల్లవారుజాముకు ఆక్సిజన్ అడుగంటుతుంది. ఉదయాన చేపలు వెల్లకిలా తేలితే, ఎవరో విషం కలిపారని జనం అనుకోవడం అనేక ఊళ్లలో విన్నదే. కలపకపోయినా అలా జరుగుతుంది.

మైక్రోసిస్టిస్ వంటి జాతులతో ఇబ్బంది ఇంకా ఎక్కువ. వాటి కణాల్లో చిన్న గాలి తిత్తులు ఉంటాయి. వాటి సాయంతో నీటి ఉపరితలానికి తేలి, వెలుతురును అడ్డుకుని, కింద పెరిగే మొక్కలను చంపేస్తాయి. కాలేయానికి హాని చేసే విషాలను కొన్ని రకాలు తయారు చేస్తాయి. ఆ నీరు తాగిన పశువులు, కుక్కలు చనిపోయిన ఘటనలు అనేక దేశాల్లో నమోదయ్యాయి. హైదరాబాద్‌లో 1560వ దశకంలో కట్టిన హుస్సేన్ సాగర్ పక్క నుంచి వేసవిలో వెళ్లినవారికి ఆ ఆకుపచ్చ తెట్టు, ఆ వాసన కొత్త కాదు.

మక్బూల్ పుట్టిన నేలలో ఒకప్పుడు చెరువుకు వచ్చిన సారం పంటగా, చేపగా, ఒండ్రుగా బయటికి పోయేదని పైన చెప్పుకున్నాం. హౌజ్ ఖాస్ నీరు ఏ పొలానికీ పారదు. పూడిక ఏ బండీ ఎక్కదు. రాబడి రోజూ ఉంది. ఖర్చు పద్దు మూతపడింది. ఐనుల్ ముల్క్ గానీ మక్బూల్ గానీ ఇటువంటి పద్దును చూసి ఊరుకునేవారు కాదు. పై నుంచి నీరు ఆవిరైనకొద్దీ మిగిలిన నీటిలో భాస్వరం గాఢత పెరుగుతుంది. అడుగు మట్టిలో చేరిన భాస్వరం ఆక్సిజన్ లేని రోజుల్లో తిరిగి నీటిలో కరుగుతుంది. అందువల్ల రేపు శుద్ధమైన నీరే వదిలినా పాత నిల్వ కొన్నేళ్లపాటు నాచును పోషిస్తూనే ఉంటుంది.

హౌజ్ ఒడ్డున కొన్నేళ్లుగా ప్రయత్నాలు సాగుతున్నాయి. నీటిని రాళ్లు, గులకలు, రెల్లు జాతి మొక్కల గుండా పారించే కృత్రిమ చిత్తడి నేలలను ఏర్పరచారు. ఇవి పనిచేసే పద్ధతులే. ఒక షరతు ఉంది. మొక్క పీల్చుకున్న భాస్వరం మొక్కలోనే ఉంటుంది. దానిని కోసి దూరంగా తీసుకుపోకపోతే అది అక్కడే కుళ్లి మళ్లీ నీటిలో కలుస్తుంది. ఫౌంటెన్లు ఆక్సిజన్‌ను ఇస్తాయే కాని భాస్వరాన్ని తొలగించవు. అసలు పని శుద్ధి కేంద్రంలోనే భాస్వరాన్ని పట్టి ఆపడం. ఇనుము లేదా అల్యూమినియం లవణాలు కలిపి దానిని అడుగుకు దించే విధానం దశాబ్దాలుగా తెలిసినదే. ఖర్చు ఉంటుంది. చెరువు అంచున నిలబడి ఫొటో తీసుకునేవారికి ఆ ఖర్చు కనిపించదు.

తెలంగాణలో 2015లో కాకతీయుల పేరుతో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకంలో పూడిక మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు. నీటి నిల్వ పెరగడం గురించే ఎక్కువగా మాట్లాడుకున్నాం; చెరువు నుంచి భాస్వరం పొలానికి తిరిగి వెళ్లిందన్న మాట పెద్దగా వినిపించలేదు. ఓరుగల్లు కోటకు దగ్గరలోని భద్రకాళి చెరువును కూడా 2024లో ఖాళీ చేసి పూడికతీతకు సిద్ధం చేశారు. గన్న సేనాని ఎరిగిన నీరు అది.

ఇక సాకేత్ పక్కన సత్‌పులా కమానులు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి ముందు నీటిని నిలిపిన తలుపులు లేవు. ఒకప్పుడు రోగాలు మానుతాయని జనం మునిగిన వాగు ఇప్పుడు మురుగు కాలువ. అది ఆ చారిత్రక కట్టను పక్క నుంచి దాటి, ఖిడ్కీ ఊరి దిగువగా, ఉత్తరాన చిరాగ్ ఢిల్లీ వైపు సాగిపోతుంది.